అర్ధరాత్రి తలుపు తట్టడం తప్పన్న జడ్జి.. కోకా సుబ్బారావు ఎవరు? జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందులకు ఆయనతో లింకేంటి?

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే జమ్మలమడుగు వైపు పోలీస్ స్టేషన్ల ముందు ఒక సీన్ కామన్. రౌడీ షీట్ ఉన్నవాళ్లందరినీ పిలిపిస్తారు. వరుసగా కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తారు, బైండోవర్ చేస్తారు. అందులో కొందరు నిజంగానే కేసులున్నవాళ్లు. ఇంకొందరి పేరు మాత్రం ఎప్పుడో ఊళ్లో జరిగిన గొడవలో ఎక్కింది. ఇప్పుడు మనవళ్లను ఎత్తుకుని తిరిగే వయసు వచ్చినా షీట్ మాత్రం మూయలేదు.

అక్కడి నుంచి ప్రొద్దుటూరు వస్తే లోకం వేరు. బంగారం అంగళ్లు, బట్టల వ్యాపారం, ఆ పక్కనే కువైట్ టికెట్లు, వీసాలు చూసే ట్రావెల్స్ బోర్డులు. గల్ఫ్ డబ్బుతో నడిచే ఇళ్లు కడప జిల్లాలో ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. ఆ ఇళ్లన్నిటికీ బీరువాలో అన్నిటికంటే విలువైన కాగితం పాస్‌పోర్ట్.

ఇక పులివెందులలో మాటంతా నేల చుట్టూనే. చీనీ తోటలు, బోర్లు, సర్వే నంబర్లు, పట్టాలు.

రౌడీ షీట్, పాస్‌పోర్ట్, పొలం. ఈ మూడింటి మీదా సుప్రీంకోర్టులో కలం పట్టి, దేశం మొత్తం ఏళ్ల తరబడి వాదించుకునేలా చేసిన తెలుగాయన ఒకరున్నారు. పేరు కోకా సుబ్బారావు. భారత సుప్రీంకోర్టుకు 9వ ప్రధాన న్యాయమూర్తి. ఆయనది సీమ కాదు, గోదావరి ఒడ్డు. అయినా ఆయన కథ సీమ వాళ్లు తెలుసుకోవాల్సిన కథే.

రాజమండ్రి నుంచి గుంటూరు దాకా

సుబ్బారావు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. అక్కడే ఆర్ట్స్ కాలేజీలో చదివి, మద్రాసు లా కాలేజీలో డిగ్రీ తీసుకున్నారు. ఆ రోజుల్లో పెద్ద లాయర్ కావాలంటే ఏ తెలుగువాడైనా మద్రాసు రైలెక్కాల్సిందే. ఆయన మామగారు పి.వెంకటరమణారావు నాయుడు మద్రాసులో పేరున్న లాయర్. అల్లుడు ఆ ఆఫీసులోనే పని నేర్చుకున్నారు. మధ్యలో జిల్లా మున్సిఫ్‌గా ఉద్యోగం వస్తే బాపట్లలో కొన్ని నెలలు చేశారు. తర్వాత మామగారు హైకోర్టు జడ్జి కావడంతో, బావమరిది పి.వి.రాజమన్నారుతో కలిసి ప్రాక్టీస్ నడిపారు. ఈ రాజమన్నారు ఎవరో కాదు, మద్రాసు హైకోర్టుకు తొలి భారతీయ ప్రధాన న్యాయమూర్తి. తెలుగులో నాటకాలు కూడా రాశారు. మొత్తానికి ఇంట్లో అందరిదీ కోర్టు బాటే.

1948లో సుబ్బారావు మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు. మరి హైకోర్టు ఎక్కడ? 1937లో కోస్తా, సీమ నాయకులు మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కూర్చుని రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని ఒక ప్రాంతానికి వెళ్తే హైకోర్టు రెండో ప్రాంతానికి వెళ్లాలి. సీమకు రాజధాని వచ్చింది కాబట్టి హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. ఆ కోర్టును సున్నా నుంచి నిలబెట్టే పని సుబ్బారావుకు అప్పగించారు. 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు మొదలైంది, తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే.

ఇక్కడో చిన్న విషయం. కడప జిల్లా కక్షిదారుకు ఈ మార్పు అంత సుఖంగా ఏమీ లేదు. అంతవరకు అప్పీలు ఉందంటే ఎర్రగుంట్లలో రైలెక్కితే నేరుగా మద్రాసులో దిగేవాడు. ప్రొద్దుటూరుకు అప్పట్లో రైలే లేదు, ఎర్రగుంట్లే దిక్కు. గుంటూరు పోవాలంటే మాత్రం ముందు గుంతకల్లు చేరాలి, అక్కడ దిగి మీటర్ గేజ్ బండి మారాలి, ఆ బండి నంద్యాల, దొనకొండ మీదుగా నింపాదిగా వెళ్లేది. సొంత రాష్ట్రం వచ్చినందుకు సంతోషం, కోర్టు దూరమైనందుకు విసుగు. రెండేళ్లకే, 1956 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాద్ చేరింది. అక్కడా తొలి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావే. తిరుపతిలో 1954లో పెట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ కూడా ఆయనే. కడపలో యోగి వేమన యూనివర్సిటీ వచ్చింది 2006లో. అంతకుముందు కడప జిల్లా పిల్లల డిగ్రీ సర్టిఫికెట్ల మీద ఉండేది ఎస్వీ యూనివర్సిటీ పేరే.

1958 జనవరి 31న ఆయన సుప్రీంకోర్టు జడ్జిగా ఢిల్లీ వెళ్లారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఖరక్ సింగ్ ఇంటి తలుపు

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో ఓ దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేదని వదిలేశారు. కేసు పోయింది కానీ పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. ఇక అక్కడి నుంచి చౌకీదారు, కానిస్టేబుళ్లు ఎప్పుడంటే అప్పుడు వచ్చేవాళ్లు. రాత్రిపూట తలుపు బాది, పేరు పెట్టి కేకేసి, నిద్ర లేపి, ఇంట్లో ఉన్నాడో లేడో చూసి పోయేవాళ్లు. పక్క ఊరికి వెళ్లాలన్నా ఎక్కడికి పోతున్నాడో, ఎప్పుడొస్తాడో చెప్పి వెళ్లాలి.

ఇది చదువుతుంటే మన దగ్గరి కథలా లేదూ?

ఖరక్ సింగ్ ఊరుకోలేదు. నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాడు. రాజ్యాంగంలోని 32వ అధికరణం ఇచ్చే సౌకర్యం అదే. ప్రాథమిక హక్కు దెబ్బతిన్నదనుకుంటే మామూలు మనిషి కూడా నేరుగా దేశంలోనే పెద్ద కోర్టు గడప తొక్కొచ్చు.

ఆరుగురు జడ్జీలు విన్నారు. 1962 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు కొట్టడం వరకు తప్పేనని కోర్టు మొత్తం ఒప్పుకుంది, ఆ రూల్ కొట్టేసింది. కానీ నలుగురు జడ్జీలు మిగతా నిఘా అంతా ఓకే అన్నారు. మనిషి ఎక్కడికి పోతున్నాడో కనిపెట్టి ఉండటం వల్ల అతని హక్కుకు నష్టమేమీ లేదన్నారు. ప్రైవసీ అనే హక్కు మన రాజ్యాంగంలో లేనే లేదని కూడా తేల్చేశారు.

సుబ్బారావు ఒప్పుకోలేదు. ఆయనతో జె.సి.షా ఒక్కరే నిలిచారు. సుబ్బారావు వాదన సింపుల్. 21వ అధికరణం వ్యక్తిగత స్వేచ్ఛకు హామీ ఇస్తోంది. స్వేచ్ఛ అంటే కాళ్లకు సంకెళ్లు లేకపోవడం ఒక్కటే కాదు. ఎవడో నీడలా వెంటాడుతున్నాడని తెలిసిన మనిషి మనసులో భయంతోనే నడుస్తాడు, భయంతోనే మాట్లాడతాడు, బంధువుల ఇంటికి వెళ్లాలన్నా వెనకాడతాడు. అలాంటి మనిషిని స్వేచ్ఛగా తిరుగుతున్నాడని ఎలా అంటాం? పైగా ఈ నిఘా అంతా ఏ చట్టం ప్రకారం? అసెంబ్లీ చేసిన చట్టమేదీ దీని వెనుక లేదు, ఉన్నది పోలీసు శాఖ తనకు తాను రాసుకున్న రూల్స్ మాత్రమే. హక్కును తగ్గించాలంటే చట్టం కావాలి, డిపార్ట్‌మెంట్ పుస్తకం చాలదు. ప్రైవసీ అనే మాట రాజ్యాంగంలో అచ్చులో కనిపించకపోయినా, వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయలేని భాగం. కాబట్టి ఆ రూల్ మొత్తం చెల్లదు.

ఇద్దరి మాట నలుగురి ముందు ఓడిపోయింది. మైనారిటీ తీర్పు కాబట్టి అది ఎవరినీ కట్టడి చేయలేదు. పుస్తకాల్లో ఉండిపోయింది.

మిద్దె మరమ్మతా, దూలం తీయడమా?

ఇప్పుడు పొలం కథ. దీనికి ముందు రాజ్యాంగం నిర్మాణం కొంచెం తెలియాలి, లేకపోతే గొడవేంటో అర్థం కాదు.

1949 నవంబర్ 26న ఆమోదించినప్పుడు మన రాజ్యాంగంలో 395 అధికరణాలు, 22 భాగాలు, 8 షెడ్యూళ్లు ఉన్నాయి. అందులో మూడో భాగంలో ఉన్నవి ప్రాథమిక హక్కులు. చట్టం ముందు అందరూ సమానం, మాట్లాడే స్వేచ్ఛ, తిరిగే స్వేచ్ఛ, ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ.. ఇవన్నీ అక్కడే ఉంటాయి. అప్పట్లో ఆస్తి హక్కు కూడా ఈ లిస్టులోనే ఉండేది. ఈ హక్కులను తీసేసే లేదా తగ్గించే చట్టం ఏ ప్రభుత్వమూ చేయకూడదని 13వ అధికరణం చెబుతుంది. నాలుగో భాగంలో ఉన్నవి ఆదేశిక సూత్రాలు. సంపద కొందరి చేతుల్లోనే పోగుపడకుండా ప్రభుత్వం చూడాలని అవి చెబుతాయి. ఇక 368వ అధికరణం రాజ్యాంగాన్ని ఎలా సవరించాలో చెబుతుంది.

ఈ మూడూ ఒకదానితో ఒకటి ఢీకొన్న చోటు నేల.

స్వాతంత్ర్యం వచ్చాక జమీందారీలు రద్దు చేశారు, భూమికి సీలింగ్ పెట్టారు. భూమి పోయినవాళ్లు ఆస్తి హక్కు అంటూ కోర్టుకెక్కారు. ప్రభుత్వం 1951లోనే మొదటి సవరణ తెచ్చి, తొమ్మిదో షెడ్యూల్ అని ఒక కొత్త పెట్టె తయారుచేసింది. అందులో వేసిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో ప్రశ్నించకూడదు. కోర్టు 1951లో ఒకసారి, 1964లో మరోసారి దీనికి సరేనంది. పార్లమెంటు ప్రాథమిక హక్కులను కూడా సవరించుకోవచ్చని అప్పటికి లెక్క తేలింది.

కడప జిల్లాది మొదటి నుంచీ ఎక్కువగా రైత్వారీ పద్ధతి. థామస్ మన్రో దత్తమండలాల కలెక్టర్‌గా ఉన్న రోజుల నుంచి రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే అలవాటు. అందుకే జమీందారీ రద్దు ఇక్కడ పెద్దగా కదిలించలేదు. సీలింగ్ మాత్రం కదిలించింది. 1973లో ఆంధ్రప్రదేశ్ భూ సంస్కరణల చట్టం వచ్చి, నేల రకాన్ని బట్టి కుటుంబానికి మెట్ట అయితే గరిష్ఠంగా 54 ఎకరాలు అని గీత గీసింది. దానికి ఆరేళ్ల ముందే పంజాబ్‌లో ఇలాంటి గీత మీదే పెద్ద కేసు నడిచింది. అదే గోలక్‌నాథ్ కేసు.

జలంధర్ దగ్గర గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి ఉంది. పంజాబ్ చట్టం మనిషికి 30 ఎకరాలే అంది. మిగతాది మిగులు భూమి. కుటుంబం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పటికి సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి, 1966 జూన్ 30న ఆ కుర్చీ ఎక్కారు. 11 మంది జడ్జీలతో ధర్మాసనం పెట్టారు. అప్పటిదాకా అంత పెద్ద బెంచ్ కూర్చోలేదు.

1967 ఫిబ్రవరి 27న తీర్పు. 6-5. ఒక్క ఓటు తేడా.

సుబ్బారావు వైపు గెలిచింది. సవరణ కూడా ఒక రకం చట్టమే, చట్టం హక్కులను తగ్గించకూడదని 13వ అధికరణం చెబుతోంది కాబట్టి, ఇకపై పార్లమెంటు ప్రాథమిక హక్కుల జోలికి వెళ్లడానికి వీల్లేదు అని ఆ తీర్పు సారాంశం.

సీమ ఇళ్ల లెక్కలో చెప్పాలంటే ఇలా. పాత మిద్దె ఉంది. సున్నం కొట్టొచ్చు, అరిగిన నాపరాయి తీసి కొత్త బండ పరవొచ్చు, పక్కన ఇంకో గది కట్టొచ్చు. మరి దూలం? మరమ్మతు పేరుతో దూలం పీకేస్తే మిద్దె మీద పడుతుంది. రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులన్నీ దూలాలేనని సుబ్బారావు లెక్క. ఒక్కటి కూడా కదపొద్దన్నారు.

ఇందులో ఒక ట్విస్ట్ ఉంది. 1950 నుంచి తెచ్చిన సవరణలన్నీ చెల్లవని చెప్తే దేశంలో పంచిన భూములన్నీ తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. పెద్ద గందరగోళం. అందుకని సుబ్బారావు అమెరికా కోర్టుల్లో ఉన్న ఒక పద్ధతిని ఇక్కడికి తెచ్చారు. తీర్పు ఇవాళ్టి నుంచి మాత్రమే పనిచేస్తుంది, జరిగిందేదో జరిగిపోయింది. దాంతో పాత సవరణలు బతికిపోయాయి. ఫలితం? కేసు వేసిన గోలక్‌నాథ్ కుటుంబానికి ఆ భూమి దక్కలేదు. సూత్రం గెలిచింది, కక్షిదారు ఓడిపోయాడు.

ఈ తీర్పు మీద విమర్శ గట్టిగానే వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? సెంటు భూమి లేని కూలీకి ఎకరం పంచాలంటే వందల ఎకరాల ఆసామి హక్కు అడ్డమా అని వామపక్షాలు అడిగాయి. ఇందిరా గాంధీ ప్రభుత్వానికి మింగుడుపడలేదు. ఆదేశిక సూత్రాలను, అంటే పేదవాడి వైపు చూడమన్న నాలుగో భాగాన్ని, ఆయన తగినంత పట్టించుకోలేదన్న మాటలో నిజం ఉంది. ఆస్తి హక్కునూ మాట్లాడే స్వేచ్ఛనూ ఒకే గాటన కట్టడం దగ్గర సుబ్బారావు కాస్త మొండిగానే వెళ్లారని చెప్పుకోవాలి.

ఒక పాస్‌పోర్ట్, మర్నాడే ఒక రాజీనామా

గోలక్‌నాథ్ తర్వాత ఆరు వారాలకు, 1967 ఏప్రిల్ 10న మరో తీర్పు. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ, లాభం పొందినవాళ్లు మాత్రం కోట్లలో ఉంటారు.

సత్వంత్ సింగ్ సాహ్నీ ఢిల్లీలో మోటారు విడిభాగాల వ్యాపారి. పని మీద విదేశాలు తిరుగుతుండేవాడు. పాస్‌పోర్ట్ అధికారులు ఆయన పాస్‌పోర్టులు వెనక్కి ఇచ్చేయమన్నారు. ఎందుకు ఇవ్వాలి అంటే, పాస్‌పోర్ట్ ప్రభుత్వానిది, ఇవ్వడం ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం అన్నది అప్పటి వాదన. నమ్మశక్యం కాకపోయినా అప్పటికి దేశంలో పాస్‌పోర్టు ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని చెప్పే చట్టమే లేదు. ఆఫీసర్ ఊ అంటే ఊ, కాదంటే కాదు. కారణం చెప్పక్కర్లేదు, అప్పీలు కూడా లేదు.

ఐదుగురు జడ్జీల బెంచ్. మళ్లీ ఒక్క ఓటు తేడా, 3-2. మెజారిటీ తీర్పు సుబ్బారావుది. విదేశాలకు వెళ్లి రావడం కూడా 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమే, చట్టం లేకుండా దాన్ని ఆపకూడదు, ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకుండా ఇష్టారాజ్యంగా చేస్తే సమానత్వ హక్కు కూడా పోయినట్టే అన్నారు.

దాంతో ప్రభుత్వం పరుగులు పెట్టి చట్టం చేయాల్సి వచ్చింది. అదే 1967 పాస్‌పోర్టుల చట్టం, జూన్ 24 నుంచి అమల్లో ఉంది. ఏ కారణాల మీద తిరస్కరించొచ్చో అందులో రాశారు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లిన డ్రైవర్లు, వంటవాళ్లు, ఇంటిపనికి పోయిన ఆడవాళ్లు అందరూ ఈ చట్టం కిందే పాస్‌పోర్ట్ తీసుకున్నారు. వ్యాపారి కోసం ఇచ్చిన తీర్పు, చివరికి ఎక్కువగా అక్కరకొచ్చింది కూలికి వెళ్లేవాళ్లకు.

ఆ తీర్పు ఇచ్చిన మర్నాడు, ఏప్రిల్ 11న, సుబ్బారావు రాజీనామా చేశారు!

ఎందుకు? రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీ చేయడానికి. జులైలో ఎలాగూ 65 ఏళ్లు నిండి రిటైర్ కావాలి. ఇంకా మూడు నెలలే ఉంది. కానీ ఎన్నిక మే నెలలో. 1967 సాధారణ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు చాలా రాష్ట్రాల్లో దెబ్బ తగలడంతో ప్రతిపక్షాలకు ఆశ పుట్టింది, ఉమ్మడి అభ్యర్థిగా ఆయన్ను నిలబెట్టాయి. కాంగ్రెస్ అభ్యర్థి అప్పటి ఉపరాష్ట్రపతి జాకీర్ హుస్సేన్. మే 6న ఓటింగ్ జరిగింది. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971. ఓడిపోయారు.

ఈ అడుగు ఆయన పేరుకు మచ్చ తెచ్చింది. నిన్నటిదాకా ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పులిచ్చిన ప్రధాన న్యాయమూర్తి, ఇవాళ ప్రతిపక్షాల అభ్యర్థి ఎలా అవుతారు? అప్పుడా తీర్పుల వెనుక ఏముందో అని జనం అనుమానించరా? ఈ ప్రశ్న అప్పుడూ అడిగారు, ఇప్పటికీ జడ్జీలు రిటైరయ్యాక పదవులు తీసుకున్న ప్రతిసారీ ఆయన పేరు బయటకు వస్తూనే ఉంటుంది. ఆయన ఇచ్చిన తీర్పుల లైన్ 1958 నుంచి ఒక్కటే అన్నది నిజమే, ఖరక్ సింగ్ కేసు నాటికి రాష్ట్రపతి పదవి ఊసే లేదు. అయినా కుర్చీ దిగిన మర్నాడే నామినేషన్ వైపు నడవడం చూసేవాళ్లకు బాగా అనిపించలేదు. (రెండేళ్ల తర్వాత మన సీమ బిడ్డ నీలం సంజీవరెడ్డి కూడా ఇదే ఎన్నికలో ఓడిపోయారు, అది వేరే కథ.)

తర్వాత ఏం జరిగింది?

ఇందిర ప్రభుత్వం 1971లో 24వ సవరణ తెచ్చింది. ప్రాథమిక హక్కులతో సహా రాజ్యాంగంలో దేన్నైనా పార్లమెంటు సవరించొచ్చని అందులో రాసుకుంది. అంటే గోలక్‌నాథ్ తీర్పును పక్కకు తోసేసింది. దాన్ని సవాల్ చేసిన కేసే కేశవానంద భారతి. కేరళ కాసరగోడ్‌లోని ఎడనీరు మఠం స్వామీజీ, ఆయన సమస్య కూడా మఠం భూములే. 13 మంది జడ్జీలు 68 రోజులు విన్నారు. 1973 ఏప్రిల్ 24న తీర్పు, 7-6.

గోలక్‌నాథ్ తీర్పును ఈ బెంచ్ కొట్టేసింది. పార్లమెంటు ప్రాథమిక హక్కులను సవరించొచ్చు అంది. అంటే సుబ్బారావు ఓడిపోయినట్టే. కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది. సవరించొచ్చు కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చకూడదు. మిద్దె లెక్కలోనే చెప్పాలంటే, బండలు మార్చుకో, గోడ జరుపుకో, కావాలంటే ఒక చిన్న వాసం కూడా మార్చుకో, ఇల్లు ఇల్లుగా ఉండకుండా పోయేంత పని మాత్రం చేయొద్దు. ఏవి దూలాలో, ఏవి వాసాలో కోర్టు కేసును బట్టి తేలుస్తుంది. ఆ రోజు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఎస్.ఎం.సిక్రీ, మెజారిటీలో ఉన్న జె.ఎం.షెలత్ ఇద్దరూ గోలక్‌నాథ్‌లో సుబ్బారావు వెంట నిలిచినవాళ్లే. మెజారిటీ ఏడుగురిలో ఒకరు మన పి.జగన్మోహన్ రెడ్డి, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినాయన.

సుబ్బారావు గీసిన గీత మరీ గట్టిది, అందుకే నిలవలేదు. కానీ ఆ గీత గీయకపోతే పార్లమెంటుకు అసలు హద్దు ఉందా అన్న ప్రశ్నే 1973లో అంత గట్టిగా లేచేది కాదు. ఇక ఆస్తి హక్కు సంగతంటారా, 1978లో 44వ సవరణతో అది ప్రాథమిక హక్కుల లిస్టు నుంచే పోయింది. ఇప్పుడది 300ఏ అధికరణం కింద మామూలు రాజ్యాంగ హక్కు. పులివెందులలోనో ముద్దనూరులోనో రోడ్డుకో ఫ్యాక్టరీకో పొలం తీసుకుంటే రైతు కోర్టులో అడిగేది ఈ 300ఏ ప్రకారమే. చట్టం లేకుండా తీసుకోకూడదు అన్నంత వరకు రక్షణ మిగిలింది.

చివరి రోజులు

1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. ప్రతిపక్ష నాయకులను జైళ్లలో వేశారు. పేపర్ల మీద సెన్సార్. ఆ నవంబర్‌లో మాత్రం ఒక వింత జరిగింది. ప్రధాని ఎన్నికను కోర్టులు ప్రశ్నించకూడదంటూ తెచ్చిన 39వ సవరణలోని క్లాజును సుప్రీంకోర్టు మౌలిక స్వరూపం పేరుతోనే కొట్టేసింది. ఇందిర ఎన్నిక నిలిచింది కానీ సవరణకు హద్దు ఉందన్న మాట కూడా నిలిచింది.

అయితే 1976 ఏప్రిల్ 28న కథ తిరగబడింది. జైల్లో ఉన్నవాళ్లు తమను ఎందుకు పెట్టారో అడగడానికి కోర్టుకు రావచ్చా? ఎమర్జెన్సీ ఉన్నంత కాలం రాకూడదని ఐదుగురు జడ్జీల్లో నలుగురు తేల్చారు. ఏడీఎం జబల్‌పూర్ కేసు అని దానికి పేరు. కాదన్నది ఒక్క హెచ్.ఆర్.ఖన్నా. 21వ అధికరణాన్ని పట్టుకుని పోలీసు తలుపు కొట్టకూడదని, పాస్‌పోర్ట్ ఆపకూడదని సుబ్బారావు చెప్పిన అదే కోర్టులో, ఇప్పుడు ఆ అధికరణం పేరెత్తడానికే వీల్లేకుండా పోయింది.

ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకు, 1976 మే 6న, సుబ్బారావు కన్నుమూశారు. 73 ఏళ్లు. ఎమర్జెన్సీ ఎత్తేయడాన్ని చూడలేదు.

2017 ఆగస్టు 24

ఆధార్ మీద కేసులు నడుస్తున్న రోజులు. అసలు ప్రైవసీ హక్కు ఉందా లేదా అన్నది ముందు తేల్చాలని 9 మంది జడ్జీలు కూర్చున్నారు. కేసు వేసింది కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి కె.ఎస్.పుట్టస్వామి. ప్రైవసీ హక్కు లేదనడానికి కేంద్ర ప్రభుత్వం చూపించిన పాత తీర్పుల్లో ఖరక్ సింగ్ కేసు ఒకటి.

తొమ్మిది మందిదీ ఒకే మాట. ప్రైవసీ ప్రాథమిక హక్కే. ఖరక్ సింగ్ కేసులో నలుగురు చెప్పింది తప్పు, ఓడిపోయిన ఇద్దరు చెప్పిందే కరెక్ట్. సుబ్బారావు రాసిన ఆ మైనారిటీ తీర్పు 54 ఏళ్ల 8 నెలల తర్వాత చట్టమైంది. ఏడీఎం జబల్‌పూర్ తీర్పును కూడా ఆ రోజే పాతిపెట్టారు. అప్పట్లో ఆ తీర్పు ఇచ్చిన నలుగురిలో ఒకరు వై.వి.చంద్రచూడ్, 2017లో దాన్ని తప్పని రాసింది ఆయన కొడుకు డి.వై.చంద్రచూడ్.

రౌడీ షీట్లు ఇంకా ఉన్నాయి. జమ్మలమడుగులోనే కాదు, రాష్ట్రమంతా ఉన్నాయి. షీట్ మూయాలంటూ హైకోర్టుకు పిటిషన్లు వెళ్తూనే ఉంటాయి. కాకపోతే ఇప్పుడు ఆ పిటిషన్ రాసే లాయర్ పుట్టస్వామి తీర్పును చూపించొచ్చు. ఆ తీర్పులో వెనక్కి వెళ్తే 1962 డిసెంబర్ 18 వస్తుంది, అందులో కింద ఇద్దరి సంతకాలుంటాయి. ఒకటి జె.సి.షా. ఇంకొకటి రాజమండ్రి సుబ్బారావుది.